మెదడులోని గ్రాహక జన్యువు ఏ క్రోమోజోముపై ఎక్కడుందో కనుక్కోవడం ఎలా: డీఆర్‌డీ5 జన్యువు ఉదాహరణగా

నాడీకణాల మధ్య సందేశాలు మోసే డోపమైన్ అనే రసాయనం ఒక్కటే అయినా, దాన్ని అందుకునే గ్రాహకాలు మన నాడీకణాలపై ఐదు రకాలు ఉన్నాయి. వాటిని తయారుచేసే ఐదు జన్యువులూ ఒకే కుటుంబానికి చెందినవే, కానీ ఒక్క చోట ఉండవు. డీ1 గ్రాహక జన్యువు 5వ క్రోమోజోము పొడవు భుజం చివరన 5క్యూ35లో, డీ2 జన్యువు 11క్యూ23లో, డీ3 జన్యువు 3క్యూ13లో, డీ4 జన్యువు 11వ క్రోమోజోముదే పొట్టి భుజం కొసన 11పి15.5లో, డీ5 జన్యువు (దీని అధికారిక సంకేతమే డీఆర్‌డీ5) 4పి16.1లో ఉన్నాయి. ఈ చిరునామాలను ఎలా చదవాలో కిందనే చెబుతాను. ఈ స్థానాలను 1980ల చివర, 1990ల మొదట్లో ఒక్కొక్కటిగా కనుక్కున్నారు. ఇప్పుడు మానవ జీనోమ్ మొత్తం కంప్యూటర్ తెరపై కనిపిస్తోంది కనుక ఈ పని రెండు నిమిషాల్లో అయిపోతుందని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. తెరపై ఒక సంఖ్య దొరకడానికి నిజంగానే రెండు నిమిషాలు చాలు. అయితే ఆ సంఖ్య మీరు వెతుకుతున్న జన్యువుదేనని, దాని పోలికలతో మరోచోట పడి ఉన్న పాత నకలుది కాదని రుజువు చేయడానికి మాత్రం ఈనాటికీ ఒక క్రమం పాటించాలి. జీవశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతున్నవారికి, పరిశోధనలో కొత్తగా చేరినవారికి ఆ క్రమాన్ని డీఆర్‌డీ5 జన్యువు ద్వారా వివరిస్తాను. ఈ పనిలో ఎదురయ్యే ముఖ్యమైన చిక్కులన్నీ ఆ ఒక్క జన్యువులోనే ఉన్నందువల్ల దాన్ని ఎంచుకున్నాను.

ముందుగా చిరునామాను చదవడం

4పి16.1 అని రాసినప్పుడు 4 అనేది క్రోమోజోము సంఖ్య. పి అంటే పొట్టి భుజం, క్యూ అంటే పొడవు భుజం. ఆ తరువాతి అంకెలను విడివిడిగా చదవాలి: ఒకటో ప్రాంతం, అందులో ఆరో పట్టీ, అందులో మొదటి ఉపపట్టీ. అందుకే దీన్ని ‘ఒకటి, ఆరు, పాయింట్ ఒకటి’ అనాలి, ‘పదహారు’ అనకూడదు. రంగు వేసిన క్రోమోజోముపై కనిపించే పట్టీలకు ఈ పద్ధతిలో పేర్లు పెట్టాలని 1971లో పారిస్‌లో జరిగిన సమావేశం నిర్ణయించింది.

ఇక్కడ దాదాపు అందరూ ఒకసారైనా పొరబడతారు. పట్టీల సంఖ్యలు సెంట్రోమియర్ నుంచి, అంటే రెండు భుజాలూ కలిసే నొక్కు నుంచి, భుజం చివరికి పెరుగుతాయి. జీనోమ్ వరుసలో బేసుల లెక్క మాత్రం పొట్టి భుజం కొస నుంచి మొదలై పొడవు భుజం కొస దాకా నడుస్తుంది. అంటే పొట్టి భుజంపై ఈ రెండు లెక్కలూ ఎదురెదురు దిశల్లో సాగుతాయి. హంటింగ్టన్ వ్యాధికి కారణమయ్యే జన్యువు 4పి16.3లో, సుమారు 30 లక్షలవ బేసు దగ్గర ఉంది. డీఆర్‌డీ5 4పి16.1లో, సుమారు 97 లక్షల 80 వేలవ బేసు దగ్గర ఉంది. పట్టీ సంఖ్య తగ్గినకొద్దీ బేసు సంఖ్య పెరిగింది కదా! ఈ సంగతిని నోటుపుస్తకం మొదటి పేజీలోనే రాసిపెట్టుకుంటే తరువాత ఏ జన్యువుకు ఏది ఎటువైపు ఉందన్న గందరగోళం ఉండదు.

మొదటి మెట్టు: జన్యువు వరుసను, దాని బంధువులను తెలుసుకోండి

అమెరికా జాతీయ జీవసాంకేతిక సమాచార కేంద్రం డేటాబేస్ తెరిచి డీఆర్‌డీ5 ఆర్‌ఎన్‌ఏ వరుసను తీసుకోండి. దాని సంఖ్య ఎన్‌ఎం_000798. ఈ జన్యువు 477 అమైనో ఆమ్లాల ప్రొటీన్‌కు సంకేతం ఇస్తుంది. ఆ సంకేత భాగంలో ఇంట్రాన్లు, అంటే ప్రొటీన్‌కు సంకేతం కాని నడిమి ముక్కలు, లేవు కనుక ముగింపు సంకేతంతో కలిపి సరిగ్గా 1434 బేసులు ఏకధాటిగా ఉంటాయి. ఇంట్రాన్లు లేకపోవడం ప్రైమర్లు (ఎంచుకున్న డీఎన్‌ఏ భాగాన్ని నకళ్లుగా పెంచే పీసీఆర్ పద్ధతిలో ఆ భాగానికి అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) తయారుచేసేవారికి సౌకర్యంగానే కనిపిస్తుంది. అయితే జీనోమిక్ డీఎన్‌ఏ నుంచి వచ్చిన ముక్కకూ, ఆర్‌ఎన్‌ఏ నుంచి తయారైన డీఎన్‌ఏ ముక్కకూ పొడవులో తేడా ఉండదు కాబట్టి ఒకదానిలో మరొకటి కలిసిపోయినా బయటపడదు.

తరువాత ఆ వరుసను శాంటాక్రూజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారి జీనోమ్ బ్రౌజర్‌లో బ్లాట్ పరికరానికి ఇవ్వండి. ఇచ్చిన వరుసకు పోలిన చోట్లను జీనోమంతటా వెతికే సాఫ్ట్‌వేర్ అది. ఏ జీనోమ్ కూర్పులో వెతుకుతున్నారో ముందే చూసుకుని రాసుకోండి. 2009లో వచ్చిన జీఆర్‌సీహెచ్37, 2013లో వచ్చిన జీఆర్‌సీహెచ్38, 2022లో ప్రకటించిన పూర్తి జీనోమ్ టీ2టీ వేర్వేరు కూర్పులు. ఒకే జన్యువుకు వాటిలో వేర్వేరు బేసు సంఖ్యలు ఉంటాయి. కూర్పు పేరు లేకుండా సంఖ్య ఒక్కటే ఇవ్వడం ఊరి పేరు చెప్పకుండా ఇంటి నంబరు చెప్పడం వంటిదే.

ఫలితాలు వచ్చాక మొదటి వరుస చూసి ఆగిపోకండి, కిందిదాకా చదవండి. నాలుగో క్రోమోజోముపై పూర్తి పోలిక కనబడుతుంది. దాని కింద 2వ క్రోమోజోముపై ఒకటి, 1వ క్రోమోజోముపై ఒకటి, తొంభై శాతానికి పైగా పోలికతో మరో రెండు స్థానాలు వస్తాయి. ఇవి డీఆర్‌డీ5 మిథ్యాజన్యువులు. మొదటిది 2పి11లో, రెండోది 1క్యూ21.1లో ఉంది. పూర్వమెప్పుడో అసలు జన్యువు నుంచి నకళ్లుగా పుట్టి, మధ్యలో ముగింపు సంకేతాలు చేరడం వల్ల పనిచేసే గ్రాహకాన్ని తయారుచేయలేని స్థితిలో ఉండిపోయాయి. 1991లో టొరంటో పరిశోధకులు డీ5 గ్రాహక జన్యువును వేరుచేసినట్టు ప్రకటించారు. ఆ కాలంలో ఈ నకళ్లను గుర్తించి అసలు నుంచి విడదీయడానికి చాలా శ్రమపడాల్సి వచ్చింది. మీకు ఆ సమాచారం ముందే చేతిలో ఉంది కనుక ప్రయోగంలో ప్రతి అడుగూ దాన్ని దృష్టిలో పెట్టుకునే వేయండి.

రెండో మెట్టు: నకళ్లను వదిలి అసలును మాత్రమే పట్టే ప్రైమర్లు

మూడు వరుసలను ఒకదాని కింద ఒకటి అమర్చి, అసలు జన్యువుకూ రెండు నకళ్లకూ తేడా వచ్చిన ప్రతి బేసునూ పెన్సిల్‌తో చుట్టండి. ఈ పని సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది, అయినా కాగితంపై ఒకసారి మీ చేత్తో చేయమనే చెబుతాను. తేడాలు ఎక్కడ దట్టంగా ఉన్నాయో, ఎక్కడ లేవో కంటికి అలవాటవుతుంది. ప్రైమర్‌లో 3 ప్రైమ్ కొస, అంటే పాలిమరేజ్ ఎంజైము పని మొదలుపెట్టే చివర, ఆ తేడా బేసుపైనే పడాలి. తేడా ప్రైమర్ మధ్యలో పడితే ఎంజైము దాన్ని పట్టించుకోకుండా నకలును కూడా పెంచేస్తుంది. వీలైతే ఒక ప్రైమర్‌ను సంకేత భాగం వెలుపల పెట్టండి. నకళ్లలో పక్క భాగం కూడా కొంత నకలైపోయి ఉండవచ్చు కాబట్టి ఆ ప్రైమర్‌ను కూడా బ్లాట్‌లో మళ్లీ పరీక్షించండి.

ఇందులో మేము ఒకసారి మోసపోయాం. నా పర్యవేక్షణలో పనిచేసిన ఒక అమ్మాయి సంకేత భాగం నడుమ నుంచి ప్రైమర్లు ఎంచుకుంది. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క మానవ క్రోమోజోము డీఎన్‌ఏ పెట్టి చేసే పరీక్ష (మూడో మెట్టులో వస్తుంది) అది. జెల్‌పై నాలుగో క్రోమోజోము గడితో పాటు ఒకటో గడిలోనూ రెండో గడిలోనూ అదే ఎత్తులో పట్టీలు వచ్చాయి. నమూనాలు కలిసిపోయాయనుకున్నాం. పిపెట్లు మార్చాం, నీళ్లు మార్చాం, బల్ల అంతా బ్లీచింగ్‌తో తుడిచాం. మూడు వారాలు గడిచాక, ఆ రెండు గడులూ ప్రతిసారీ అవే రెండు ఎందుకవుతున్నాయని ఆ అమ్మాయే అడిగింది. నమూనాలు కలిసిపోతే ఏ గడిలోనైనా పట్టీ రావచ్చు, ప్రతిసారీ అవే రెండింటిలో రాదు. జెల్ నిజమే చెబుతోంది, దాన్ని చదవడం మాకే రాలేదు. ఆ జెల్ ఫొటోను ఇప్పటికీ కొత్తగా వచ్చిన ప్రతి విద్యార్థికీ మొదటి రోజే చూపిస్తాను.

మూడో మెట్టు: సంకర కణాలతో క్రోమోజోమును తేల్చడం

మానవ కణాన్ని ఎలుక కణంతో కలిపితే పుట్టే సంకర కణం, విభజన జరిగేకొద్దీ మానవ క్రోమోజోములను పోగొట్టుకుంటూ పోతుందని 1967లో వైస్, గ్రీన్ చూపించారు. చివరికి ఏ సంకర కణంలో ఏ మానవ క్రోమోజోము మిగిలిందో తెలిస్తే, జన్యువు ఉన్న కణాలనూ లేని కణాలనూ పోల్చి దాని క్రోమోజోమును తేల్చవచ్చు. ఇప్పుడు ఒక్కొక్క కణ వరుసలో ఒకే మానవ క్రోమోజోము ఉండే సంచికలు (ప్యానెళ్లు, అంటే నమూనాల సెట్లు) డీఎన్‌ఏ రూపంలో దొరుకుతాయి: 22 క్రోమోజోములు, ఎక్స్, వై కలిపి 24 నమూనాలు.

వీటితో పాటు నాలుగు నియంత్రణలు (ఫలితం ముందే తెలిసిన పోలిక నమూనాలు) తప్పనిసరి. మొత్తం మానవ డీఎన్‌ఏలో పట్టీ రావాలి. ఎలుక డీఎన్‌ఏలో, హామ్‌స్టర్ డీఎన్‌ఏలో రాకూడదు. డీఎన్‌ఏ లేని నీళ్లలో అసలే రాకూడదు. గ్రాహక జన్యువుల సంకేత భాగం క్షీరదాలన్నింటిలోనూ బాగా పోలి ఉంటుంది కనుక ఎలుక జన్యువు కూడా అదే ప్రైమర్లకు స్పందించే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అలా జరిగితే సంచిక మొత్తం పట్టీలతో నిండిపోయి ఏమీ తేలదు. ప్రైమర్లు మార్చడం తప్ప దారి లేదు. 25 మైక్రోలీటర్ల పీసీఆర్ చర్యలో 50 నానోగ్రాముల డీఎన్‌ఏతో మొదలుపెట్టండి. 35 చక్రాలు దాటవద్దు, దాటితే నకళ్ల నుంచి కూడా సన్నని పట్టీలు లేవడం మొదలవుతుంది.

సంకర కణాలన్నింటిలోనూ ఆ మానవ క్రోమోజోము నిలిచి ఉంటుందని హామీ లేదు. కొన్ని వరుసల్లో కణాలలో కొంత భాగమే దాన్ని నిలుపుకుంటుంది, అప్పుడు పట్టీ పలచగా వస్తుంది. పట్టీ ‘ఉంది’, ‘లేదు’, ‘సందేహం’ అని మూడు రకాలుగా రాసుకుని, సందేహం అన్నవాటిని మళ్లీ చేయండి. మొత్తం 24 నమూనాలనూ వేర్వేరు రోజుల్లో రెండుసార్లు చేసి, రెండు ఫలితాలూ కలిసినప్పుడే 4వ క్రోమోజోము అని రాయండి.

క్రోమోజోములో ఏ భాగమో కూడా పీసీఆర్‌తోనే తెలుసుకోవాలంటే రేడియేషన్ సంకర సంచికలు ఉన్నాయి. మానవ కణాలను ఎక్స్ కిరణాలతో ముక్కలు చేసి హామ్‌స్టర్ కణాలతో కలిపి వీటిని తయారుచేస్తారు. జీన్‌బ్రిడ్జ్4 సంచికలో 93 సంకరాలు, స్టాన్‌ఫర్డ్ జీ3 సంచికలో 83 సంకరాలు ఉంటాయి. దగ్గరగా ఉన్న రెండు గుర్తులు ఒకే ముక్కలో కలిసి నిలుస్తాయన్నది దీని వెనుక తర్కం. జీనోమ్ వరుస చేతికొచ్చాక వీటి అవసరం బాగా తగ్గింది కనుక, వరుస సరిగా లేని జీవులపై పనిచేసేవారు తప్ప మిగతావారు ఈ మెట్టును దాటేయవచ్చు.

నాలుగో మెట్టు: జన్యువును క్రోమోజోముపై కంటితో చూడడం

ఫిష్ అని పిలిచే మెరుపు రంగుల పద్ధతి ఇది. మెరిసే రంగు అంటించిన డీఎన్‌ఏ ముక్క (ప్రోబ్) క్రోమోజోముపై తన జోడీ వరుసకు అతుక్కున్న చోటును సూక్ష్మదర్శినిలో చూస్తాం. నా దృష్టిలో ఈ మొత్తం పనికి ప్రాణం ఇక్కడే ఉంది. దీనికి మనిషి రక్తం కావాలి కాబట్టి దాత లిఖితపూర్వక సమ్మతి, మీ సంస్థ నైతికతా సంఘం అనుమతి రెండూ చేతికి వచ్చాకే సిరంజి ముట్టుకోండి.

రక్తంలోని లింఫోసైట్లను (ఒక రకం తెల్ల రక్తకణాలను) విభజనకు పురికొల్పే పీహెచ్‌ఏతో ఉత్తేజపరచి 72 గంటలు పెంచండి. చివరి అరగంటకు కోల్సెమిడ్ కలిపితే విభజనలో ఉన్న కణాలు మెటాఫేజ్‌లో, అంటే క్రోమోజోములు బాగా ముడుచుకుని స్పష్టంగా కనిపించే దశలో, ఆగిపోతాయి. 0.075 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో 37 డిగ్రీల వద్ద 15 నుంచి 20 నిమిషాలు ఉంచి కణాలను ఉబ్బించండి. ఆ తరువాత మూడు పాళ్లు మిథనాల్, ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం కలిపిన ఫిక్సేటివ్‌ను మొదట చుక్కచుక్కగా, గొట్టాన్ని మెల్లగా కదుపుతూ చేర్చండి. ఇక్కడ తొందరపడితే కణాలు గడ్డలు కడతాయి, ఆ గడ్డలు మళ్లీ విడిపోవు.

స్లైడుపై చుక్క వేయడం పుస్తకం చదివి నేర్చుకోగలిగినది కాదు, అయినా ఒక సంగతి చెప్పవచ్చు. చుక్క ఆరే వేగాన్ని బట్టి క్రోమోజోములు విడివిడిగా పరుచుకుంటాయి, ఆ వేగం గదిలోని తేమను బట్టి ఉంటుంది. హైదరాబాదులో మే నెల మధ్యాహ్నం ఫిక్సేటివ్ రెప్పపాటులో ఆరిపోతుంది, క్రోమోజోములు గుంపుగా ఒకదానిపై ఒకటి ఉండిపోతాయి. అదే గదిలో ఆగస్టు వానల్లో నెమ్మదిగా ఆరి అతిగా చెదిరిపోతాయి, ఏది ఏ కణానిదో తెలియదు. వేసవిలో వేడినీటి తొట్టి పైన ఆవిరి తగిలేలా స్లైడును పట్టుకుని చుక్క వేయండి. చుక్క పడగానే అంచుల్లో ఇంద్రధనుస్సు రంగుల వలయాలు లేచి లోపలికి జరుగుతూ కనిపిస్తాయి. ఆ వలయాలు మాయమయ్యే క్షణంలో స్లైడును ఆవిరి నుంచి తీసేయాలి. ఫేజ్ కాంట్రాస్ట్ సూక్ష్మదర్శినిలో క్రోమోజోములు ముదురు బూడిద రంగులో ఉంటే మంచి స్లైడు, నల్లగా మెరుస్తుంటే త్వరగా ఆరినట్టు.

ఇక ప్రోబ్ సంగతి. 1434 బేసుల ముక్కతో మెటాఫేజ్‌పై కనిపించే మెరుపు తేవడం చాలా కష్టం. డీఆర్‌డీ5ను తనలో ఇముడ్చుకున్న బ్యాక్ క్లోనును, అంటే బ్యాక్టీరియాలో పెంచిన పొడవైన మానవ డీఎన్‌ఏ ముక్కను, ఎంచుకోండి. ఇవి సాధారణంగా లక్ష నుంచి రెండు లక్షల బేసుల పొడవుంటాయి. క్లోను తెప్పించుకున్నాక, అది నిజంగా మీరు అడిగిందేనా అని రెండో మెట్టులోని ప్రైమర్లతో పరీక్షించండి. డబ్బాపై చీటీని నమ్మి ముందుకు పోవద్దు. నిక్ ట్రాన్స్‌లేషన్ (ఎంజైములతో డీఎన్‌ఏకు రంగు బేసులు చేర్చే) పద్ధతిలో ఎరుపు రంగు అంటించి, ముక్కలు 200 నుంచి 500 బేసుల మధ్య వచ్చాయో లేదో జెల్‌పై చూడండి. ముక్కలు పెద్దవైతే స్లైడంతా ఎర్ర చుక్కలతో నిండిపోతుంది.

ప్రోబ్‌తో పాటు కాట్-1 డీఎన్‌ఏ కలపాలి. జీనోమంతటా చెదిరి ఉన్న పునరావృత వరుసలను అది కప్పేస్తుంది. అయితే మిథ్యాజన్యువులను అది కప్పదు. అందువల్ల 1వ, 2వ క్రోమోజోములపై సెంట్రోమియర్‌కు దగ్గరగా పలచని మెరుపులు కనబడితే కంగారుపడకండి, ఎక్కడ కనబడ్డాయో రాసుకోండి. 1క్యూ21.1, 2పి11 రెండూ సెంట్రోమియర్ పక్కనే ఉన్న ప్రాంతాలు కనుక అవి మొదటి మెట్టులో బ్లాట్ చూపిన నకళ్లే కావచ్చు.

స్లైడును 70 శాతం ఫార్మమైడ్‌లో 72 డిగ్రీల వద్ద రెండు నిమిషాలు ఉంచి, వెంటనే చల్లని 70, 85, 100 శాతం ఆల్కహాల్‌లో వరుసగా ముంచి ఆరబెట్టండి. ఫార్మమైడ్ గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది. చేతి తొడుగులు, పొగలు లాగే అర లేకుండా దాన్ని తెరవకూడదు. ప్రోబ్‌ను 75 డిగ్రీల వద్ద ఐదు నిమిషాలు వేడిచేసి, 37 డిగ్రీల వద్ద అరగంట ఉంచాక స్లైడుపై వేసి, కవర్‌స్లిప్ అంచులను రబ్బరు సిమెంట్‌తో మూసి, తడి పెట్టెలో 37 డిగ్రీల వద్ద రాత్రంతా ఉంచండి. మర్నాడు 0.4 ఎక్స్ ఎస్‌ఎస్‌సీ ద్రావణంలో 72 డిగ్రీల వద్ద రెండు నిమిషాలు కడగండి. నేపథ్యం ఎక్కువగా ఉంటే మరో నిమిషం కడగవచ్చు. మెరుపే పోయాక మాత్రం చేయగలిగింది లేదు కనుక మొదట తక్కువ కడగడమే మేలు. చివరగా డీఎన్‌ఏను నీలంగా మెరిపించే డాపి రంగు వేయండి.

అదే స్లైడుపై ఆకుపచ్చ రంగులో 4వ క్రోమోజోము సెంట్రోమియర్ ప్రోబ్ కూడా వేయడం మరచిపోకండి. డాపి నీలంలో 4వ క్రోమోజోము, 5వ క్రోమోజోము చాలా దగ్గరి పోలికతో ఉంటాయి, అనుభవం ఉన్నవారు కూడా తడబడతారు. డీ1 జన్యువు 5వ దానిపైనే ఉంది కనుక డోపమైన్ గ్రాహకాల విషయంలో ఈ తడబాటు మరింత ప్రమాదకరం.

లెక్కపెట్టడం

మంచి మెటాఫేజ్‌లో ఆకుపచ్చ సెంట్రోమియర్ ఉన్న రెండు క్రోమోజోములు కనిపిస్తాయి. ఒక్కొక్కదాని పొట్టి భుజం కొసకు దగ్గరలో, రెండు క్రోమాటిడ్లపై (విభజనకు ముందు క్రోమోజోములో ఉండే రెండు జంట పోగులపై) పక్కపక్కనే రెండు చిన్న ఎర్ర చుక్కలు, కళ్ల జతలా ఉంటాయి. అంటే కణానికి నాలుగు చుక్కలు. ఒక్క క్రోమాటిడ్‌పై మాత్రమే చుక్క ఉంటే అది నేపథ్యపు మరక కావచ్చు. దాన్ని లెక్కలోకి తీసుకోకండి. కనీసం 20 మెటాఫేజ్‌లు చూడండి, మంచివే ఏరుకోకుండా స్లైడును ఒక కొస నుంచి మరో కొసకు వరుసగా చూసుకుంటూ పోండి.

తరువాత కొలవండి. పొట్టి భుజం కొస నుంచి చుక్క వరకు దూరాన్ని మొత్తం క్రోమోజోము పొడవుతో భాగించండి. 4వ క్రోమోజోము పొడవు సుమారు 19 కోట్ల బేసులు, డీఆర్‌డీ5 సుమారు 97 లక్షల 80 వేల వద్ద ఉంది కనుక ఈ భాగఫలం 0.05 చుట్టూ రావాలి. క్రోమోజోము ముడుచుకోవడంలో తేడాల వల్ల ఒక్కొక్క కొలతా కొంత అటూ ఇటూ అవుతుంది. అన్నింటి సగటు తీసుకోండి. సగటు 0.1 దాటితే ప్రోబ్ క్లోనును మళ్లీ పరీక్షించండి.

ఈ పద్ధతి పరిమితి కూడా తెలిసి ఉండాలి. మెటాఫేజ్‌పై పది, ఇరవై లక్షల బేసుల దూరంలో ఉన్న రెండు గుర్తులను విడదీసి చూడడం కష్టం. 4పి16.1 ఉపపట్టీ ఒక్కటే దాదాపు 60 లక్షలవ బేసు నుంచి ఒక కోటి 13 లక్షలవ బేసు దాకా విస్తరించి ఉంది. రెండున్నర వేల బేసులైనా లేని డీఆర్‌డీ5 అందులో సరిగ్గా ఎక్కడుందో సూక్ష్మదర్శిని చెప్పలేదు, వరుసే చెప్పాలి. మరోవైపు, ఆ వరుస ఉన్నది నిజంగా మనిషి 4వ క్రోమోజోముపైనేనని కంటికి చూపేది సూక్ష్మదర్శిని. ఒకటి లేకుండా మరొకదాన్ని నమ్మవద్దని అందుకే అంటున్నాను.

పక్క జన్యువును కూడా చూడండి

డీ2 గ్రాహకం విషయంలో జరిగింది ఇక్కడ గుర్తు చేయాలి. ఆ జన్యువు దగ్గర టాక్1ఎ అనే ఒక డీఎన్‌ఏ తేడా ఉంది. అది డీఆర్‌డీ2దే అన్న భావనతో 1990లో మద్య వ్యసనంతో దానికి సంబంధం ఉందని ఒక అధ్యయనం ప్రకటించింది, ఆ తరువాత ఎన్నో పరిశోధనలు అదే దారిలో సాగాయి. 2004లో చూస్తే ఆ తేడా డీఆర్‌డీ2 చివరి నుంచి సుమారు పదివేల బేసుల దూరంలో, ఏఎన్‌కేకే1 అనే పక్క జన్యువులో ఉందని, దాని ప్రొటీన్‌లో ఒక అమైనో ఆమ్లాన్ని మారుస్తుందని తేలింది. పదివేల బేసులంటే ఫిష్ కంటికి శూన్యం. అయినా ఆ తేడాకు అర్థమే మారిపోయింది. కనుక మీ జన్యువుకు రెండు వైపులా కనీసం లక్ష బేసుల వరకు ఏ జన్యువులు ఉన్నాయో, ఏవి ఏ దిశలో చదవబడతాయో బ్రౌజర్‌లో చూసి గీసి పెట్టుకోండి.

ఫలితాన్ని రాసే తీరు

చివరికి నమోదు చేసేటప్పుడు ఇవన్నీ ఒకే చోట ఉండాలి: జన్యువు అధికారిక సంకేతం, క్రోమోజోము, భుజం, పట్టీ, జీనోమ్ కూర్పు పేరు, ఆ కూర్పులో మొదటి బేసు నుంచి చివరి బేసు దాకా సంఖ్యలు, ఏ తంతువుపై ఉంది, మిథ్యాజన్యువుల స్థానాలు, వాడిన ప్రైమర్ల పూర్తి వరుసలు, బ్యాక్ క్లోను సంఖ్య. చూసిన మెటాఫేజ్‌లు ఎన్ని, వాటిలో నాలుగు చుక్కలూ కనిపించినవి ఎన్ని, నకళ్ల వద్ద మెరుపు కనిపించినవి ఎన్ని అన్నది కూడా దాచకుండా రాయండి. సరిదిద్దని మూల చిత్రాలను, స్లైడుపై ఆ కణం ఎక్కడుందో చెప్పే స్టేజి అంకెలతో సహా భద్రపరచండి. మూడేళ్ల తరువాత ఎవరైనా 2వ క్రోమోజోముపై ఆ పలచని చుక్క ఏమిటని అడిగితే, అదే స్లైడును మళ్లీ సూక్ష్మదర్శిని కింద పెట్టి, అదే కణాన్ని వెతికి చూపించడానికి ఆ అంకెలే కావాలి.